ఒకే ఇంట్లో రెండు ర్యాంకులు

"తలుపు తియ్యి తన్మయీ. పదకొండు కావస్తోంది. పోనీ, కాసిని పాలు తాగి మళ్ళీ వేసుకో."

లోపలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. కుసుమకుమారి చేతిలోని గ్లాసులో పాలు ఎప్పుడో చల్లారి మీగడ కట్టాయి.

"నువ్వు పిలిస్తే తియ్యదులే," అంది హాల్లో దివాన్ మీద కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్న ఆడబిడ్డ సూర్యప్రభ. "పక్కకి జరుగు. నేను పిలుస్తాను."

పిలవలేదు. చిక్కుళ్ళ మీదనుంచి చూపు తిప్పకుండానే, "పదిహేడేళ్ళ పిల్ల. నలుగురూ చదివే పేపర్లో పేరూ ర్యాంకూ వేసి పరువు తీస్తే, తలుపేసుకోక ఏం చేస్తుంది?" అంది.

ఆ పేపరు టీపాయ్ మీదే ఉంది. పొద్దుట తన్మయి విసిరికొట్టిన చోటే, సగం మడతతో. లోపలి పేజీలో, అడుగున, చిన్న పెట్టెలో వేశారు. 'కూతురికి తోడుగా చదివి మెడికల్ ర్యాంకు కొట్టిన అమ్మ.' ఎల్.బి.నగర్‌లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న కుసుమకుమారి అనే ముప్పై ఆరేళ్ళ గృహిణికి ఎంసెట్‌లో 1,386వ ర్యాంకు వచ్చిందట. విశేషమేమిటంటే అదే పరీక్ష రాసిన ఆమె కూతురు తన్మయికి 9,214 వచ్చిందట.

ఆ 'విశేషమేమిటంటే' అన్న మాట దగ్గరే తన్మయి పేపరు విసిరేసింది.

కుసుమకి మాత్రం చూపు పడింది ఫొటో మీద. తన ఫొటో. నీలం చీర, చెవి వెనక్కి దువ్విన జుట్టు. అప్లికేషన్ కోసం తీయించుకున్నది. దిల్‌సుఖ్‌నగర్‌లో తన భర్త జిరాక్స్ షాపు కంప్యూటర్లో తప్ప ఆ ఫొటో ఇంకెక్కడా లేదు.

ఆ షాపు యజమాని భానుమూర్తి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఖాళీగా ఉన్న రోడ్డుని చూస్తున్నాడు. తెలంగాణ కోసం నలభై ఎనిమిది గంటల బంద్. షాపు తెరిచే పని లేదు. బస్సు లేదు, ఆటో లేదు. నిన్న సాయంత్రం వనస్థలిపురంనుంచి ఈ తగువు తీర్చడానికే వచ్చిన సూర్యప్రభకి తిరిగి వెళ్ళే దారీ లేదు. నలుగురు మనుషులు, రెండు గదులు, ఒక హాలు. అందులో ఒక గదికి లోపల గడియ.

"ఏమండీ," అంది కుసుమ.

భానుమూర్తి తల తిప్పలేదు.

"ఎల్లుండే కదరా కౌన్సెలింగు?" అంది సూర్యప్రభ తమ్ముడితో, మరదలు అక్కడ లేనట్టే.

"ఎల్లుండే అక్కా."

"అయితే ఇంకా రెండు రోజులుంది. ఈలోపు ఏదో ఒకటి తేల్చు. కన్నకూతురి నోటికాడ ముద్ద తల్లి లాక్కుందన్న పేరు మన ఇంటికి వద్దు."

"వదినా, నా సీటుకీ దాని సీటుకీ సంబంధం లేదని నిన్ననే చెప్పాను," అంది కుసుమ.

చెప్పింది. మూడుసార్లు. కుసుమ చదువంతా రేపల్లెలో సాగింది. కాబట్టి ఆంధ్రా ప్రాంతపు కాలేజీల్లో ఆమె లోకల్. పద్దెనిమిదేళ్ళుగా కాపురముంటున్న హైదరాబాదులో నాన్‌లోకల్. తన్మయి ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది, ఇక్కడే లోకల్. తల్లి ఏ కాకినాడలోనో శ్రీకాకుళంలోనో సీటు తీసుకున్నా, మానేసినా, కూతురి ర్యాంకు ఒక్క అంకె కూడా ముందుకి జరగదు.

"ఆ లెక్కలు నాకు తెలీవమ్మాయ్," అంది సూర్యప్రభ. "ఇంట్లో ఇద్దరు రాశారు. ఒకరికి వచ్చింది, ఒకరికి రాలేదు. చూసేవాళ్ళకి కనపడేది అదీ."

కింద గేటు చప్పుడైంది. మెట్లమీద అడుగులు, ఆయాసం.

"కుసుమా! ఉన్నవా బిడ్డా?"

ఇంటి ఓనరు అండాలమ్మ. నల్గొండ పక్క పల్లెనుంచి వచ్చి ముప్పై ఏళ్ళక్రితం ఈ ఇల్లు కట్టుకున్న మనిషి. కింద కొడుకుతో ఉంటుంది, పైవాటా కుసుమావాళ్ళకి అద్దెకిచ్చింది.

"రండి పిన్నిగారూ."

"కూసునే టైమ్ లేదు. మీ పెద్ద బగోనె ఉంటె జర ఇయ్యి. చౌరస్తాల వంటావార్పు పెట్టిన్రు. మా సైదులు పొద్దుగాల్నే పోయిండు. అమ్మా, గిన్నెలు తక్కువ పడ్డయని ఒకటే ఫోన్లు."

కుసుమ వంటింటి అటకవైపు నడిచింది. వెనకనుంచి సూర్యప్రభ గొంతు వినపడింది, మరీ చిన్నగా కాదు. "మనల్ని వెళ్ళిపొమ్మనడానికి చేసే వంటకి మన గిన్నే కావలసొచ్చిందా?"

అండాలమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. కోపం తెచ్చుకోలేదు.

"మిమ్మల్ని ఎవరు పొమ్మన్నరమ్మా? మా నౌకరీలు, మా నీళ్ళు మాక్కావాలంటున్నం. పదకొండేండ్ల సంది గీ పిల్ల నా ఇంట్ల కిరాయికుంటున్నది. పొమ్మంటె నేననాలె. ఎన్నడన్న అన్ననా?"

సూర్యప్రభ చిక్కుళ్ళ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి లేచిపోయింది.

అండాలమ్మ చూపు మూసి ఉన్న తలుపు మీద పడింది. "పిల్ల ఇంక బయిటికి రాలె?"

"లేదు పిన్నిగారూ."

"నువ్వు పోతున్నవా మరి?"

"ఏమీ అనుకోలేదు."

"పోతె ఎన్నేండ్లు?"

"ఐదున్నర."

"అబ్బో!" అండాలమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. కాసేపాగి, గొంతు తగ్గించి, "మరి ఇల్లు ఖాళీ చేస్తరా ఏంది? మంచి కిరాయిదార్లు దొరుకుడు మస్తు కష్టం బిడ్డా," అంది.

ఆ రోజు మొత్తంలో కుసుమకి నవ్వొచ్చింది అప్పుడొక్కసారే.

*

మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తీయడానికి డాబా మీదికి వెళ్ళింది. ఐదు నిమిషాలకి భానుమూర్తి కూడా వచ్చాడు. దూరంగా చౌరస్తావైపునుంచి డప్పుల చప్పుడు, మధ్యమధ్య 'జై తెలంగాణ' అన్న కేకలు గాలి వాటాన్నిబట్టి దగ్గరవుతూ, దూరమవుతూ ఉన్నాయి. రోడ్డంతా బోసిగా ఉంది.

"ఆ ఫొటో మన షాపులో తప్ప లేదండీ," అంది కుసుమ క్లిప్పులు తీస్తూ.

భానుమూర్తి పిట్టగోడకి ఆనుకున్నాడు.

"చక్రపాణి అని, మన షాపుకి వస్తుంటాడు. పేపర్‌కి వార్తలు రాస్తాడు. పోయిన వారం ఏదో మాటల్లో అడిగాడు."

"అడిగితే?"

"నోరు ఊరుకోలేదు." అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "ఇరవయ్యేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పిల్లల ర్యాంకు కార్డులు జిరాక్సు తీసిన చేతులు కుసుమా ఇవి. మన ఇంటి కార్డు ఒక్కటి తీసేసరికి ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. పిల్లది కూడా రాస్తాడనుకోలేదు."

అతని షాపులో చెడిపోయిన కాపీలతోనే ఆమె చదివింది. కోచింగ్ సెంటర్ల మెటీరియల్ జిరాక్సు తీసేటప్పుడు ఇంకు మరకలు పడ్డవీ, పేజీలు తిరగబడ్డవీ అతను ఇంటికి తెచ్చేవాడు. వెనకవైపు తన్మయి చిత్తు లెక్కలకి పనికొస్తాయని. కుసుమ వాటిని ముందువైపు చదివింది. ల్యాబులో, బస్సులో, కుక్కర్ విజిల్ కోసం ఎదురుచూస్తూ. మొదట్లో తన్మయికి ప్రశ్నలు అడగడానికే. కూతురు తప్పు చెప్పినప్పుడు సరైన జవాబు తన నాలుక చివర సిద్ధంగా ఉండటం ఎప్పుడు మొదలైందో ఆమెకే గుర్తులేదు.

"మరి అంత గొప్పగా చెప్పుకున్నవారు, ఇప్పుడు వెళ్ళమని ఎందుకనరు?"

"గర్వపడటం వేరు, ఇల్లు గడవటం వేరు."

"వెళ్ళొద్దని కూడా అనరు."

"అనాలా?"

 కుసుమ అతని చొక్కా మడిచింది. విప్పి మళ్ళీ మడిచింది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు," అన్నాడు భానుమూర్తి. "దానికి తోడుగా చదువుతున్నావనుకున్నాను. సరదాకి రాస్తున్నావనుకున్నాను. నువ్వు నిజంగానే వెళ్ళాలని రాశావా?"

"పోయినేడు ఆ నాదర్‌గుల్ పాప స్లైడు సంగతి చెప్పాను, గుర్తుందా?"

గుర్తుంది. తాపీ పనివాడి కూతురు, ఆరేళ్ళది. జ్వరం తగ్గడంలేదని రక్తపరీక్షకి తెచ్చారు. మైక్రోస్కోపు కింద ఉండకూడని కణాలు కనిపించాయి కుసుమకి. డాక్టరు స్లైడు చూడకుండానే రిపోర్టు మీద 'నార్మల్' అని సంతకం పెట్టాడు. ఒక్కసారి చూడమని రెండుసార్లు అడిగితే, చూసినదానికి పేరు పెట్టడానికి నీకేం అర్హత ఉంది, టెక్నీషియన్‌వి టెక్నీషియన్‌లా ఉండు అన్నాడు. ఆ సాయంత్రం కుసుమే ఆ తండ్రికి ఫోను చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పింది. చెప్పినందుకు ల్యాబులో మెమో ఇచ్చారు. పాపకి రక్తక్యాన్సరని తేలింది, వైద్యం ఇంకా జరుగుతోంది.

"ఒక్క స్లైడు కోసం ఐదున్నరేళ్ళా?" అన్నాడు భానుమూర్తి.

"పదకొండేళ్ళుగా స్లైడులు చూస్తున్నానండీ. ఒక్కటి కాదు."

"ఐదున్నరేళ్ళు. ఆ తర్వాత నీకు నలభై రెండు. నువ్వు అక్కడ, నేనూ అదీ ఇక్కడ. పిల్ల మళ్ళీ లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరాలి. పొద్దున్నే ఐదింటికి లేపేదెవరు, కూర్చోబెట్టేదెవరు? రేపు రాష్ట్రం రెండు ముక్కలవుతుందో లేదో దేవుడికెరుక. మనమే ముందు రెండు ముక్కలవుదామా?"

"అదే సీటు మీకొస్తే?"

అతను మెట్లవైపు కదిలాడు. మొదటి మెట్టు దగ్గర ఆగి, "నువ్వు వెళ్ళకపోతే ఎవరూ ఏమీ అనరు," అన్నాడు. "ఆ ఒక్కటీ ఆలోచించు."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కుసుమ ఆలోచించింది. నిజమే. వెళ్ళకపోతే ఎవరూ ఏమీ అనరు. ఎప్పటికీ, ఎవరూ, ఏమీ.

*

సాయంత్రం నాలుగయినా తన్మయి బయటికి రాలేదు. సూర్యప్రభ రెండుసార్లు తలుపు కొట్టి, మూడోసారి భయపడింది. "ఫ్యాను చప్పుడు వినిపిస్తోందా? వినరా తమ్ముడూ. ఈకాలం పిల్లల్ని నమ్మలేం," అంది.  "తన్నూ! తన్నూ!" అంటూ భానుమూర్తి తలుపు బాదాడు.

"బతికే ఉన్నాను," అంది లోపలినుంచి తన్మయి.

 కుసుమ తలుపుకి నోరు దగ్గరగా పెట్టి చెప్పింది.

"నేను వెళ్ళడంలేదు తన్మయీ. కౌన్సెలింగుకి వెళ్ళడంలేదు. ఇంక తలుపు తియ్యి."

అనేసింది. అనడానికి పెద్దగా కష్టం కూడా కాలేదు.

ముందుగా సూర్యప్రభ ఊపిరి వదిలింది. "మా తల్లే!" అంటూ వచ్చి మరదలి గడ్డం పట్టుకుంది. "నాకు తెలుసు. నువ్వు అంత కఠినురాలివి కాదని నిన్ననే అన్నాను, కావలిస్తే వాణ్ణడుగు." పొద్దుటినుంచి బిగిసిపోయి ఉన్న భానుమూర్తి భుజాలు దిగాయి. వంటింట్లోకి వెళ్ళి నలుగురికీ తనే కాఫీ కలిపాడు. పెళ్ళయ్యాక అతను కాఫీ కలపడం కుసుమ మూడుసార్లో నాలుగుసార్లో చూసింది.

గడియ తీసిన చప్పుడైంది. తన్మయి ఎవరి మొహమూ చూడకుండా వంటింట్లోకి వెళ్ళి, చిక్కుడుకాయ కూర కలుపుకుని నిలబడే అన్నం తింది.

మర్నాడు బంద్ రెండోరోజు ఆ ఇంట్లో పండగలా గడిచింది. సూర్యప్రభ పులిహోర చేసింది. అటక మీదనుంచి క్యారమ్ బోర్డు దిగింది. 'కుసుమా' అని పిలిచేవాళ్ళందరి గొంతుల్లోనూ తేనె ఒలుకుతోంది. నువ్వు కూర్చో, నువ్వు పడుకో, నువ్వు చెయ్యకు. రోగం తిరగబెట్టకుండా మనిషిని చూసుకున్నట్టు చూసుకున్నారు. ఒక్కరూ ఆ సీటు మాట ఎత్తలేదు. ఒక్కరంటే ఒక్కరు, 'పాపం, వదులుకున్నావే' అనలేదు. నీళ్ళలో రాయి వేస్తే పైన నీళ్ళు కలిసిపోయినట్టు, ఆ ర్యాంకు మీద ఇల్లు చప్పున కలిసిపోయింది.

ఇంత తేలికా, అనుకుంది కుసుమ. పులిహోర సగంలోనే వదిలేసింది.

సాయంత్రం కింద పెరట్లో బట్టలు ఉతుకుతుంటే తన్మయి వచ్చి పంపు పక్కన నిలబడింది. తండ్రి పోలికే. అదే పొడుగు మెడ, చెప్పదలుచుకున్నది చెప్పేముందు పెదవి కొరికే అలవాటు.

"నేనేమన్నా వెళ్ళొద్దన్నానా?" అంది.

కుసుమ సబ్బు చేతులు దులుపుకుంది. "అనలేదు."

"మరి నా తలుపు ముందు నిలబడి నాకెందుకు చెప్పావు? అత్తయ్యకి చెప్పొచ్చుగా. నాన్నకి చెప్పొచ్చుగా."

"నువ్వు బాధపడుతున్నావని..."

"నువ్వు వెళ్తే, నేను సీటొచ్చిన అమ్మకి పుట్టిన సీటురాని కూతుర్ని. సరే. నువ్వు మానేస్తే, అమ్మ చదువు చెడగొట్టిన కూతుర్ని. రేపు నాకు పెళ్ళయినా, నాకు పిల్లలు పుట్టినా, అత్తయ్య చెప్తుంది చూడు. మా మరదలు కూతురి కోసం డాక్టరు సీటు వదులుకుందని. నువ్వు చెప్పవు. కానీ వింటూ కూర్చుంటావు."

"తన్మయీ!"

"నాకు నిన్ను చూస్తే కోపంగా ఉందమ్మా. నేను కోచింగ్‌లో పన్నెండు గంటలు కూర్చుంటే రానిది నీకు కుక్కర్ ముందు నిలబడితే వచ్చింది. ఆ కోపం పోదు. ఎప్పుడు పోతుందో తెలీదు. 'వెళ్ళు' అని మాత్రం నన్ను అనమనకు, నేను అనను." ఆమె మళ్ళీ పెదవి కొరికింది. "కానీ నా పేరు చెప్పి మానకు. మానాలనుంటే నీ పేరు మీద మాను."

పంపు కింద బకెట్ నిండి పొర్లిపోతోంది. కుసుమ కట్టేసేలోగా తన్మయి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

*

గురువారం పొద్దున ఆరింటికి బస్సులు తిరుగుతున్నాయి. రెండు రోజులు మూతపడ్డ ఊరు ఒక్కసారిగా రోడ్డు మీద పడింది. స్కూటరు సీటు తుడుస్తున్న భానుమూర్తి తలెత్తి చూశాడు.

"ఇంత పొద్దున్నేనా?"

"రెండు రోజుల పేషెంట్లూ ఇవాళే వస్తారండీ."

"ఎన్నింటికొస్తావు?"

"లేటవుతుంది."

భుజాన సంచి. సంచిలో టిఫిన్ డబ్బా. డబ్బా కింద, చీర ముక్కలో చుట్టిన సర్టిఫికెట్ల ఫైలు. ఎల్.బి.నగర్ చౌరస్తాలో ల్యాబువైపు వెళ్ళే సందు దాటేసింది. రోడ్డు మధ్యలో వంటావార్పు పొయ్యిల బూడిద ఇంకా కుప్పగా ఉంది. కూకట్‌పల్లి బస్సు ఎక్కి ఆడవాళ్ళ సీట్లో కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. దిల్‌సుఖ్‌నగర్ వచ్చినప్పుడు, ఇంకా తెరవని భర్త షాపు షట్టరు కిటికీలోంచి కనపడింది. చూపు తిప్పుకోలేదు. దిగిపోవాలా అని మలక్‌పేట దాకా అనుకుంటూనే ఉంది.

కౌన్సెలింగ్ సెంటర్ బయట జాతరలా జనం. కాలేజీ బ్యాగులు తగిలించుకున్న పిల్లలు, వాళ్ళ వెనక ప్లాస్టిక్ ఫైళ్ళు పట్టుకున్న అమ్మానాన్నలు. గేటు మీద స్తంభానికి కట్టిన మైకులో ర్యాంకులు పిలుస్తున్నారు.

"ఆంటీ, మీ పాపదెంత?" అని అడిగింది వరసలో ముందున్న అమ్మాయి.

"తొమ్మిది వేలు," అంది కుసుమ, అనుకోకుండా.

ఆ అమ్మాయి జాలిగా చూసింది.

ఆమె ర్యాంకు పిలిచారు. హాలు తలుపు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "పేరెంట్స్ బయటనే ఉండాలె మేడమ్. పాపను పంపుండ్రి."

"నేనే."

వాచ్‌మన్ ఆమె చేతిలోని కార్డు మీద ఫొటో చూశాడు, మొహం చూశాడు, చెయ్యి తీశాడు.

లోపల మూడు బల్లలు దాటింది. మార్కుల మెమో, పుట్టినతేదీ, రేపల్లె స్టడీ సర్టిఫికెట్. పంతొమ్మిది వందల తొంభై రెండు నాటి కాగితాన్ని ఒకాయన దీపానికెత్తి చూసి, పక్కాయనకి చూపించి, ముద్ర వేశాడు. చివరి బల్ల దగ్గర కూర్చున్న ఆఫీసరుకి జుట్టు పూర్తిగా నెరిసింది. తెర మీద మిగిలిన సీట్లు చూపించాడు. ఏం కావాలమ్మా అని అడిగాడు.

ఏం కావాలని ఆమెని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో.

"కాకినాడ," అంది.

అతను మీట నొక్కాడు. యంత్రం కాగితం కక్కింది. కుసుమ పేరు, దాని ఎదురుగా కాలేజీ పేరు. ఆమె చెయ్యి చాచింది. ఆఫీసరు ఇవ్వలేదు. ఇంకో కాగితం తీసి ముందు పెట్టాడు.

"ర్యాగింగ్ చెయ్యనని హామీపత్రం. ఇక్కడ మీరు, కింద పేరెంటో గార్డియనో."

"నాకు ముప్పై ఆరేళ్ళండీ."

"నాకు తెలుస్తోందమ్మా. కాగితానికి తెలీదు కదా." ఎగతాళి చెయ్యలేదు అతను. "నాన్నగారున్నారా?"

"లేరు."

"అయితే మీవారి సంతకం చాలు. బయట ఉంటే పిలిపించండి, పేరు చెప్తే లోపలికి పంపుతారు. మీరు మాత్రం హాలు దాటి వెళ్ళకండి. వెళ్తే మళ్ళీ రానివ్వరు. మీ కింది ర్యాంకుని పిలిచేలోగా ఈ కాగితం నా దగ్గరకొస్తేనే సీటు మీ పేరు మీద ఉంటుంది."

కుసుమ కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఫోను తీసింది. ఇప్పుడు బయల్దేరినా దిల్‌సుఖ్‌నగర్‌నుంచి రావడానికి గంటన్నర పడుతుంది. ఏమని చెప్పాలి? ల్యాబులో లేనని ముందు చెప్పాలా, సంతకం సంగతి ముందు చెప్పాలా? వేలు అదే నంబరు నొక్కింది.

మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏమండీ, నేను..."

మాట ఆగిపోయింది. అవతల ఎవరో మైకులో, పిలిచినా రాని ర్యాంకేదో మళ్ళీ చదువుతున్నారు. అదే గొంతు, అదే ర్యాంకు కిటికీ బయట కూడా వినపడుతోంది.

"గేటు దగ్గరున్నాను," అన్నాడు భానుమూర్తి. "నువ్వు వెళ్ళాక బీరువా చూశాను. ఫైలు లేదు."

 వచ్చాడు. ఊరు ఈ చివరికి, షాపు మూసి, వచ్చాడు.

"లోపలికి రండి. మీ పేరు చెప్తే పంపుతారు. ఒక్క సంతకం పెట్టాలి, ఒక్కటే..."

"తన్మయి కూడా నాతోనే ఉంది."

"ఇద్దరూ రండి."

 ఫోనులో జనం రొద వినిపిస్తోంది.

"నువ్వే బయటికి రా కుసుమా."

"బయటికొస్తే మళ్ళీ లోపలికి రానివ్వరండీ."

"తెలుసు," అన్నాడు భానుమూర్తి.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. నెరిసిన జుట్టాయన కాగితం మీద చెయ్యి పెట్టుకుని ఆమెవైపే చూస్తున్నాడు.

మైకులో పదమూడు వందల ఎనభై ఏడో ర్యాంకుని పిలిచారు. ఫోనులో ఒకసారి, బయటినుంచి ఒకసారి.